తుప్పు కింది అంకె

బాగుచేద్దామనేవారు: ఒక లూగర్ పి.08 పిస్టల్ సెకండ్‌హ్యాండ్‌లో చేతికొచ్చిందనుకుందాం. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయి ఎవరో అమెరికా తెచ్చుకుని, తోలు ఒరలోనే ఉంచి అటక మీద పడేశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు దాని మొహం చూసినవాళ్లు లేరు. ఒక పక్కంతా గోధుమరంగు తుప్పు పట్టింది, ఎడమ పిడి చెక్క పై అంచు చిట్లింది, వెనక కీలు కదలనని మొరాయిస్తోంది. దీన్ని బాగుచేయాలా వద్దా అన్నది నా దృష్టిలో అసలు ప్రశ్నే కాదు. ఆ పిస్టల్ గొప్పతనమంతా కదలికలోనే ఉంది. హ్యూగో బోర్చార్ట్ 1893లో తయారుచేసిన పిస్టల్ భారీగా, పట్టుకోవడానికి ఇబ్బందిగా ఉండేది. దాని లోపలి ఉపాయాన్నే తీసుకుని గేయోర్గ్ లూగర్ చేతిలో ఒదిగేలా మలిచాడు. గుండు పేలగానే బ్యారెల్, దాని వెనకున్న కీలు రెండూ ఒక్కటిగా కొద్దిదూరం వెనక్కి జరుగుతాయి. అప్పుడు కీలు గుబ్బలు ఫ్రేమ్ మీది ఏటవాలుకు తగిలి, చాచిన కాలు మోకాలి దగ్గర మడతపడ్డట్టు కీలు పైకి లేస్తుంది. కాలు నిటారుగా ఉన్నంతసేపు ఎంత బరువైనా మోస్తుంది, కాస్త వంగిందా ఇక ఆగదు. ఆ సూత్రమే దానికి తాళం, అదే తాళంచెవి కూడా. ఇదంతా కళ్లారా చూడాలంటే కీలు కదలాలి కదా? బిగుసుకుపోయిన పిస్టల్ ఇనప ముద్దతో సమానం. పైగా తుప్పు ఉన్నచోట ఉండదు. దాన్ని వదిలేయడం ఏమీ చేయకపోవడం కాదండీ, తుప్పుకు అనుమతి పత్రం రాసివ్వడం.

ఉండనిద్దామనేవారు: మీరు రెండు వేర్వేరు పనుల్ని ఒకే మూట కడుతున్నారు. తుప్పును ఆపడం వేరు, వస్తువును కొత్తది చేయడం వేరు. తుప్పు తిననివ్వమని మా వైపు ఎవరూ అనరు. పలచటి నూనె పట్టించి నాలుగు రోజులు నాననివ్వండి, మెత్తటి బ్రష్షుతో, కావాలంటే ఇత్తడి రేకు అంచుతో పైపొరను జాగ్రత్తగా లేపండి, ఆపైన మైనం పూయండి. 1950లలో బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో పుట్టిన రినైసెన్స్ వాక్స్ లాంటివి ఇందుకే ఉన్నాయి, వద్దనుకున్న రోజు తుడిచేయవచ్చు. పేచీ అంతా మీరు ఎమరీ కాగితం చేతికి తీసుకున్నాకే మొదలవుతుంది. తుప్పు తిన్నచోట పడ్డ గుంట కనబడకుండా పోవాలంటే గుంటను పూడ్చలేం, దాని లోతు దాకా చుట్టూ ఉన్న మంచి ఉక్కును దించాలి. మన ఇళ్లలో ఇత్తడి చెంబును చింతపండు పెట్టి తోముతాం, వారం తిరిగేసరికి మళ్లీ నల్లబడుతుంది, మళ్లీ తోముతాం. చెంబుకొచ్చే నష్టం లేదు, దాని మీద ఏమీ రాసి లేదు కాబట్టి. ఈ పిస్టల్ ఒళ్లంతా రాతే. ఫ్రేమ్ మీదా బ్యారెల్ మీదా పూర్తి నంబరు, చిన్న భాగాల మీద ఆ నంబరులోని చివరి రెండంకెలు ఉంటాయి. ప్రతి భాగాన్నీ చేత్తో సరిచూసి అమర్చేవారు కాబట్టి, ఏ ముక్క ఏ పిస్టల్‌దో తెలియడానికి ఆ అంకెలు అక్కరకొచ్చేవి. ఎర్ఫుర్ట్ ఆయుధశాలలోనైతే తనిఖీదారులు వేలెడంత లేని ముక్కల్ని కూడా వదలకుండా ముద్ర కొట్టారు. ఇది శాసనం లాంటిదండీ. శాసనం మీద అక్షరాలు అరిగాయని ఉలి పట్టుకుని కొత్తగా చెక్కే పండితుణ్ణి మీరెక్కడైనా చూశారా? రాతి మీది మట్టి కడుగుతారు, తడి కాగితం అద్ది, సిరా పూసి నకలు తీసుకుంటారు, రాయిని రాయిలాగే వదిలేస్తారు.

బాగుచేద్దామనేవారు: శాసనం చెక్కినప్పటి నుంచీ కదలకుండా నిలబడడానికే పుట్టింది, పిస్టల్ అలా పుట్టలేదు. సరే, ఆ పోలిక అలా ఉంచండి. మీరు చరిత్ర అంటున్నదాంట్లో బజారు ఎంతుందో ఒకసారి లెక్క చూద్దాం. పాత తుపాకులకు అమెరికాలో ఎన్నార్యే (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) పెట్టిన దశల పట్టిక ఉంది. అన్నీ అసలు భాగాలై, మొదటి పూత 80 శాతానికి పైగా మిగిలి ఉంటే ఒక మెట్టు, 30 శాతం దాటితే దానికింద మరో మెట్టు. ఎవరో భూతద్దం పెట్టి పూత శాతం లెక్కగడతారు, దాన్ని బట్టి ధర పలుకుతుంది. మళ్లీ పూత వేసిన పిస్టల్ ఎంత చక్కగా పనిచేసినా దాని విలువ సగానికి సగం పడిపోతుంటుంది. ఇది చరిత్ర మీద ప్రేమా, అరుదైనదాని మీద మోజా? అన్ని భాగాలకూ ఒకే నంబరు ఉండాలన్న పట్టుదల కూడా ఆ మోజు బిడ్డే. యుద్ధంలో విరిగిన మీటను తీసి, చచ్చిన సిపాయి పిస్టల్ మీట వేసుకున్నవాడు నంబరు చూసుకుంటూ కూర్చున్నాడా? ఆ నంబరు కలవని మీటే యుద్ధానికి అసలు సాక్షి. మీ బజారు మాత్రం దానికి మార్కులు తగ్గిస్తుంది. అక్కడితో ఆగిందా అంటే అదీ లేదు. నంబరు కలిస్తే డబ్బొస్తుందని తెలిశాక, పాత అంకెలు అరగదీసి కొత్తవి కొట్టే దొంగచేతులు పుట్టుకొచ్చాయి. అసలుదనాన్ని దేవుణ్ణి చేసి గుళ్లో కూర్చోబెడితే నకిలీ పూజారులు రాకుండా ఉంటారా? ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. అంకెలు తిరగకొట్టడం పచ్చి మోసం, దాన్ని మరమ్మతు కింద లెక్క వేయమని నేను అడగను.

ఉండనిద్దామనేవారు: బజారు చపలత్వాన్ని వెనకేసుకొచ్చే ఓపిక నాకూ లేదు. అయితే బజారు ఏ కారణంతో కొలిచినా, అది కొలిచే వస్తువు నిజమైనదే. నీలిపూత సంగతే చూడండి. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు లూగర్‌కు వేసింది తుప్పు నీలం. ఉక్కును నునుపు చేసి, ఆమ్లం కలిసిన ద్రావణం పూసి, కావాలనే తుప్పు పట్టనిచ్చేవారు. ఆ ఎర్ర తుప్పును మరిగే నీళ్లలో ఉడికిస్తే నల్లటి ఆక్సైడ్‌గా మారుతుంది. పైన వదులుగా ఉన్న పొడిని సన్నటి తీగ బ్రష్షుతో దులిపి, మళ్లీ పూసి, మళ్లీ ఉడికించి, ఇలా అనేకసార్లు చేస్తే ఆ లోతైన నీలినలుపు వచ్చేది. పూత పడింది పైభాగాలకే కాబట్టి ఫ్రేమ్ లోపలి గోడలు తెల్లటి ఉక్కుగానే మిగిలేవి. ట్రిగ్గర్, సేఫ్టీ మీట, మ్యాగజీన్ బొత్తాం లాంటి చిన్నవాటిని వేరే కాచి ఎండుగడ్డి రంగు తెప్పించేవారు. నల్లటి ఒంటి మీద ఆ పసుపుపచ్చ ముక్కలు ఎంత ముచ్చటగా ఉంటాయో చూసినవాళ్లకే తెలుస్తుంది. 1937 ప్రాంతంలో లూగర్లు తయారుచేసే మౌజర్ కర్మాగారం ఆ ఓపిక పని మానేసి, కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాల మరుగుతున్న తొట్టిలో మొత్తాన్ని ముంచే పద్ధతికి వెళ్లింది, చిన్న భాగాలు కూడా నల్లగా రావడం మొదలైంది. ఇప్పుడు ఏ ఊరి మెకానిక్కో 1917 నాటి పిస్టల్‌ను తీసుకెళ్లి ఆ లవణాల తొట్టిలో ముంచాడనుకోండి. బయటికొచ్చేది మెరుస్తుంది, కాదనను. కానీ తెల్లగా ఉండాల్సిన కడుపు నల్లబడింది, పచ్చగా ఉండాల్సిన మీట కూడా నల్లబడింది. 1917లో పుట్టినది 1938 చొక్కా తొడుక్కుని నిలబడింది. పూత వేసిన తర్వాత ముద్ర కొట్టినచోట అంకె చుట్టూ లోహం ఉబికి, సన్నటి తెల్లటి గీత చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు కనబడుతుంది. సాన తగిలితే మొదట పోయేది అదే. దాని తర్వాత అంచుల పదును పోతుంది, ఆపైన ముద్రలు పలచబడతాయి. ఒక్కో పిస్టల్ గుండు గది మీద 1917 పక్కనే 1920 అని ఇంకో సంవత్సరం కొట్టి ఉంటుంది. ఓడిపోయిన జర్మనీ సైన్యాన్ని వెర్సాయ్ ఒప్పందం లక్ష మందికి కుదించాక, మిగిలిన ఆయుధాల్లో ఏది సర్కారుదో తేల్చుకోవడానికి వేసిన గుర్తు అది. రెండు తేదీలూ కలిపి చూస్తే ఒక దేశం ఓడిపోయి సామాన్లు లెక్కపెట్టుకోవడం కనబడుతుంది. నాలుగు అంకెలు, ఎమరీ కాగితానికి అయిదు నిమిషాల పని.

బాగుచేద్దామనేవారు: ఆ 1920 ముద్ర మీ సాక్షి అనుకుంటున్నారు, ఈ బోనులో అది నా తరఫున కూడా మాట్లాడుతుంది. ఆ తేదీ ఉన్న పిస్టళ్లలో చాలావాటిని విప్పారు, అరిగిన బ్యారెళ్లు మార్చారు, పూతలు తిరిగి వేశారు, తర్వాత మళ్లీ పనిలో పెట్టారు. రెండో యుద్ధంలో సోవియట్ సైన్యానికి చిక్కినవాటిని వాళ్ల ఆయుధశాలల్లో విప్పి, ముక్కలన్నీ కలగాపులగం చేసి, తొట్టిలో ముంచి గోదాముల్లోకి తోశారు. తూర్పు జర్మనీ పోలీసులు 1950లలో పాత లూగర్లనే బాగుచేయించి, గుండ్రటి గురి గుర్తున్న ప్లాస్టిక్ పిడులు బిగించుకుని వాడుకున్నారు. ఈ మూడు రకాలనూ ఈ రోజు ప్రత్యేకంగా వెతికి మరీ సేకరించేవాళ్లున్నారు. అంటే 1920లో చేసిన మరమ్మతు చరిత్ర, 1950లలో చేసిందీ చరిత్రే, నేను ఈ ఏడాది చేసేది మాత్రం విధ్వంసం! చరిత్ర గేటు ఏ తేదీన మూశారో, తాళం ఎవరి దగ్గరుందో కాస్త చెప్పండి. మన బీదర్ పనివాళ్ల సంగతి చూడండి. బిద్రీ హుక్కా బుడ్డి నలుపు కోట మట్టితో వస్తుంది, లోహం నల్లబడి వెండి మాత్రం తెల్లగా మిగలడం ఆ మట్టి మహత్యం. ఏళ్లు గడిచి నలుపు వెలిసినప్పుడు మళ్లీ నలుపెక్కించుకుంటే, చరిత్ర చెరిగిపోయిందని ఎవరైనా గొడవ చేశారా? పని తెలిసిన చెయ్యి ఇంకా బతికుందని సంతోషపడ్డారు. ఇంకో ముక్క కూడా అననివ్వండి. మీరు ఇందాక అంత ముచ్చటగా చెప్పిన తుప్పు నీలం పుస్తకం చదివితే రాదు. తుప్పు ఎంత పట్టాక ఆపాలో గాలిలో తేమను బట్టి మారుతుంది, ఎంత గట్టిగా దులపాలో మణికట్టుకు తెలియాలి. ఎవరూ ఏ పాతదాన్నీ ముట్టుకోకూడదంటే ఆ మణికట్లు ఎక్కడ తయారవుతాయి? అసలు నీలిపూత అంటే ఏమిటండీ, మచ్చిక చేసిన తుప్పే కదా. ఈ పిస్టల్ మీద పట్టిన కొత్త తుప్పును కూడా గీకిపారేయకుండా నీళ్లలో ఉడికించి నలుపుగా మార్చవచ్చు. అప్పుడది మరమ్మతా, పరిరక్షణా? మీరే పేరు పెట్టండి.

ఉండనిద్దామనేవారు: ఉడికించడం వరకు నాకు అభ్యంతరం లేదు, మంచి ఉక్కు రవ్వంత కూడా పోదు కాబట్టి. బిద్రీ సంగతికి జవాబు చెబుతాను. హుక్కా బుడ్డి అందం వెండికీ నలుపుకూ మధ్య తేడాలో ఉంది, నలుపు తిరిగి వస్తే ఆ వస్తువు చెప్పదలచుకున్నదే ఇంకా స్పష్టంగా చెబుతుంది. పిస్టల్ పూత దగ్గర ఆ సౌలభ్యం లేదు, కొత్త నలుపు కిందున్న ముద్రల్ని తినకుండా ఎక్కదు. ఇక 1920, 1950ల మరమ్మతుల మాట. వాటిని నేను గౌరవించడానికి కారణం అవి పాతవి కావడం కాదు, అవి సంతకం పెట్టి వెళ్లాయి. సర్కారు ఆయుధశాల చెయ్యి పెట్టినచోట ఒక ముద్ర, తనిఖీదారు గుర్తు, మార్చిన బ్యారెల్ మీద కొత్త అంకె ఉంటాయి. సోవియట్ చేతికి చిక్కిందని చెప్పే ఎక్స్ గుర్తు వరకు ఏదో ఒకటి మిగిలింది. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో పిస్టలే చెబుతుంది. ఇవాళ్టి ఇంటి మరమ్మతు ఏ సంతకమూ పెట్టదు. పాత సంతకాల్ని చెరిపేసి, తన వేలిముద్ర కూడా తుడుచుకుని పోతుంది. రెండు చేతులు మారేసరికి అది అమాయకంగా అసలు సరుకుగా అమ్ముడవుతుంది, అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. మీరు ప్రతి దశకూ ఫొటో తీసి, ఏ ముక్క మార్చారో, ఏ పూత వేశారో, ఏ తేదీన వేశారో కాగితం రాసి పిస్టల్‌తో పాటు ఉంచితే నా అభ్యంతరంలో సగం అక్కడే రాలిపోతుంది. ఇంకో మెట్టు కూడా దిగుతాను. నంబర్లు ఒక్కటీ కలవకుండా, ఎప్పుడో ఎవరో సాన పట్టి తొట్టిలో ముంచేసిన పిస్టల్ అయితే, దాంట్లో పోగొట్టుకోవడానికి ఇంకేమీ లేదు. దాని మీద మీ తుప్పు నీలం నేర్చుకోండి, నేర్పండి, నేను వచ్చి చూస్తాను.

బాగుచేద్దామనేవారు: అంతమాట అన్నారు కాబట్టి నేనూ కొంచెం జరుగుతాను. కాగితం రాయడం నాకు భారం కాదు. పాత స్ప్రింగ్ తీసి కొత్తది వేస్తే, పాతదాన్ని చీటీ కట్టి సంచీలో పెట్టి పిస్టల్‌తోనే ఉంచుతాను. విరిగిన పిడి చెక్క విషయంలో కూడా అంతే. సేఫ్టీ మీట కింద ఎడమ చెక్క పలచగా ఉంటుంది, అక్కడే చిట్లడం ఈ పిస్టల్ పుట్టుక లోపం. వాడుకకు కొత్త చెక్క వేసుకుని, అసలు అక్రోటు చెక్కను పక్కన భద్రంగా పెట్టవచ్చు. ఇవన్నీ వెనక్కి తీసుకోగల పనులే. కానీ లోపలి సంగతి మీరు తేలిగ్గా తీసుకుంటున్నారు. గుండు గదిలో ఉంటే ఎక్స్‌ట్రాక్టర్ పైకి లేచి, దాని పక్క మీద చెక్కిన ‘గెలాడెన్’ అన్న మాట కనబడాలి, గుండు ఉందని జర్మన్‌లో హెచ్చరిక అది. తుప్పు పట్టి ఎక్స్‌ట్రాక్టర్ బిగుసుకుంటే? లోపల గుండు ఉన్నా మాట పైకి రాదు. దశాబ్దాలుగా ఒరలో ఉన్నదాంట్లో గుండు లేదని చూడకుండా నమ్మేదెవరు? పక్కపలక తీసేసిన లూగర్ పైభాగం మీద బయటికి కనబడే సన్నటి కమ్మీ ఉంటుంది. దాని మీద వేలు పడితే ట్రిగ్గర్ తగలకుండానే పేలే అవకాశం ఉంది. కాబట్టి మొదటి పని తెలిసినవాళ్ల చేత ఖాళీ చేయించడం, లోపలి తుప్పు వదిలించడం. దీన్ని సోకు అనకండి, ఇంట్లో పిల్లలున్నారు.

ఉండనిద్దామనేవారు: దీని మీద తగువే లేదు. ఖాళీ చేయించండి, ఇవాళే. అయితే మీరు ఎత్తారు కాబట్టి మనిద్దరం ఇంతసేపూ పక్కనుంచి తప్పుకుపోతున్న ప్రశ్న ఒకటి అడుగుతాను. ఇది మనిషిని చంపడానికి చేసిన వస్తువు. దాన్ని తిరిగి పనిచేసేలా చేయాలన్న ఆత్రం ఎందుకు? గడియారం బాగైతే గంట చెబుతుంది, హార్మోనియం బాగైతే పాడుతుంది, ఇది బాగైతే ఏం చేస్తుంది? చట్టాలకు కూడా ఈ ప్రశ్న తగిలింది. బ్రిటన్‌లో డన్‌బ్లేన్ బడిలో 1996లో పిల్లల్ని కాల్చిచంపాక, మరుసటి ఏడాది చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించారు. చారిత్రకమైనవాటికి మాత్రం ఓ సందు వదిలారు. కొన్నింటిని ఇంట్లో ఉంచుకోవచ్చు కానీ పేల్చకూడదు, కొన్నింటిని నిర్ణీత స్థలంలోనే ఉంచి అక్కడే పేల్చాలి. చూడ్డానికా, వాడ్డానికా, ముందది తేల్చుకోమన్నారు. మన 1959 ఆయుధాల చట్టం ఇంకా సూటిగా ఉంది. కాలం చెల్లిన నమూనా అయినా, పురాతన విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని స్థితిలో ఉంటేనే 45వ సెక్షన్ కింద దాన్ని వదిలేస్తుంది. మరమ్మతుతో పేలేదైతే అది తుపాకే. మరమ్మతుకు కూడా లైసెన్సు అడిగే చట్టమది. హైదరాబాదులోనో విజయవాడలోనో తాతగారి పెట్టెలో ఇలాంటిది దొరికినవాళ్లు మన వాదన ముగిసేదాకా ఆగకుండా ముందు లైసెన్సు సంగతి చూసుకోవాలి. అమెరికాలోనైనా మీ ఎమరీ కాగితం ఫ్రేమ్ మీది నంబరును తినేసిందంటే, అది సేకరణ తగువుగా మిగలదు, ఫెడరల్ నేరమవుతుంది.

బాగుచేద్దామనేవారు: కీలు కదలడం, గుండు పేలడం ఒకటి కాదు. ఖాళీ పిస్టల్ కీలు పైకి లేచి మళ్లీ కూర్చోవడం చూపించడానికి తూటా అక్కర్లేదు. ఇక హింస మాటకొస్తే, మీ మచ్చలు కూడా ఏమంత అమాయకమైనవి కావండీ. సాన పట్టిన పిస్టల్ మెరుపు హింసను నగలా అలంకరిస్తుందని మీరనవచ్చు. మీ వైపు కాలం పూసిన మచ్చలు, చరిత్ర గాయాలు అంటూ తుప్పుకు కవిత్వం కడతారు. గోధుమరంగు మరక చూడగానే కందకం, బురద, నెత్తురు మీ కళ్లముందు కదులుతాయి. నిజం ఏమిటి? వెర్డన్ యుద్ధరంగం నుంచి వచ్చిన పిస్టల్ అయినా రోజూ తుడిచి నూనె పెట్టుకున్నవాడి చేతిలోనే ఉండి ఉంటుంది, అతని ప్రాణం దాని మీద ఆధారపడింది కాబట్టి. సిపాయి దగ్గరున్నన్నాళ్లూ అది శుభ్రంగానే ఉంది. ఈ తుప్పు యుద్ధానిది కాదు, అటకది. తోలు పదును చేయడానికి వాడిన ఆమ్లాలు, లవణాలు, వానాకాలపు తేమ ఒరలో చేరి చేసిన పని. అటక మీది నిర్లక్ష్యాన్ని యుద్ధపు గాయంగా చూపించడం ఏ రకం చరిత్రండీ?

ఉండనిద్దామనేవారు: ఆ మాట తగిలింది. యుద్ధపు గాయం అని ఇక అనను. కానీ అటకకు చరిత్ర లేదని ఎవరన్నారు? ఈ పిస్టల్ కుడివైపు తుప్పును దగ్గరగా చూడండి. అది అడ్డదిడ్డంగా పట్టలేదు, ఒర కుట్టు వెళ్లిన దారినే, తోలు ఒత్తుకున్న మేరకే ఒక అచ్చులా పడింది. ఒర మూత కింద తేమ తగలని భాగం ఇప్పటికీ నీలంగానే ఉంది. దీన్ని తెచ్చుకున్న మనిషి ఒకసారి ఒరలో పెట్టాక మళ్లీ తీయలేదని ఆ అచ్చే చెబుతోంది. తీసి ఉంటే, తుడిచి ఉంటే, ఎవరికైనా చూపించి గొప్పలు చెప్పుకుని ఉంటే, తుప్పు ఇంత కుదురుగా పట్టదు. విజయచిహ్నంగా సముద్రం దాటించి తెచ్చుకున్న వస్తువును ఒక మనిషి బతికినన్నాళ్లూ ముట్టుకోలేదు. ఎందుకో మనకు తెలియదు. మాటల్లో ఎక్కడా రాయని ఆ సంగతి ఈ తుప్పు ఆకారంలో మాత్రమే ఉంది. మీరు దాన్ని మురికి అంటున్నారు. రేపు ఇది ఇంకా తింటుందనడం మాత్రం మీరు నిజమే చెబుతున్నారు, ఎర్రగా పొడిగా రాలే తుప్పు ఆగదు. అందుకే పైన రాలేదాన్ని తీసేయండి, కింద నల్లగా గట్టిపడ్డదాన్ని మైనం కింద ఉండనివ్వండి. అచ్చు ఉంటుంది, తినడం ఆగుతుంది.

బాగుచేద్దామనేవారు: సరే, మైనమే అనుకుందాం. బ్యారెల్ కింద చూడండి. నంబరు ఉండాల్సినచోట తుప్పు గడ్డకట్టింది. అది ఫ్రేమ్ నంబరుతో కలిస్తే మీ లెక్క ప్రకారం దీన్ని ముట్టుకోకూడదు. కలవకపోతే, అన్నీ కలగాపులగమైతే, నాకు అప్పగిస్తానన్నారు. ఏ సంగతీ తుప్పు తీయకుండా తెలియదు. మీ నియమం పాటించాలా వద్దా తేల్చుకోవడానికే మీ నియమం తప్పాలి.

ఉండనిద్దామనేవారు: ముందు పక్కనుంచి దీపం వేసి చూద్దాం. వాలు వెలుతురులో పలచటి గీత కూడా నీడ పడుతుంది.

బాగుచేద్దామనేవారు: చూశాం. ఒక గీత కనబడుతోంది. ఒకటి కావచ్చు, ఏడు కాలు కావచ్చు, నాలుగు వెన్ను కావచ్చు.

ఉండనిద్దామనేవారు: అయితే నూనె వేసి రెండు రోజులు ఆగుదాం. ఆ తర్వాత ఇత్తడి రేకుతో, నంబరు ఉన్న మేరకే, ఒక గోరంత.

బాగుచేద్దామనేవారు: గోరంతలో అంకె తేలకపోతే?

ఉండనిద్దామనేవారు: ఇంకో గోరంత.

బాగుచేద్దామనేవారు: దాని పక్కనే ఒర కుట్టు అచ్చు మొదలవుతుంది.

ఉండనిద్దామనేవారు: తెలుసు. ముందు ఫొటో తీయండి.